నూట పదహారో చుక్క

ఆ జూన్ నెల మొదట్లో నా చేతిలో ఉన్న సరుకు ఇది. మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు. ఆ కొట్టులో గల్లా పెట్టె దగ్గర కూర్చుని నేను కుదిర్చిన ప్రతి బేరాన్నీ తప్పుపట్టే తండ్రి. ఇంట్లో మా ఇద్దర్నీ కలిపి తప్పుపట్టే భార్య. పదో తరగతిలోకి వచ్చిన కూతురు. అప్పుల్లేవు, కెమిస్ట్రీ కూడా లేదు. రెండూ లేకుండా హాయిగానే ఉన్నాం.

కూతురి పేరు తన్మయి. ఏ వస్తువైనా రంగు మారితే చాలు, ఎందుకు మారిందని అడగడం దానికి చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. ఒకసారి పసుపు మరక అంటిన చీరకు సబ్బు పెట్టగానే మరక ఎర్రబడింది. చీర పోయిందని వాళ్లమ్మ సుభాషిణి ఏడుస్తుంటే, ఇది పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది.

"ఇది కొట్టుకి పనికొచ్చే పిల్ల కాదురా కోదండం" అని మా నాన్న పానకాలయ్య గారు అప్పుడే తేల్చేశారు.

అలా ఉండగా మా ఊరి హైస్కూలు హెడ్మాస్టరు ఛాయాపతి గారు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. ఆయన వేదికెక్కి మైకును రెండు చేతులా పట్టుకున్నారు.

"పక్క ఊళ్లో ఆరో తరగతికి ఇంటర్మీడియెట్ పాఠాలు చెబుతున్నారు. మరి మనం ఏం చేస్తున్నాం? పదో తరగతి పిల్లలకు పదో తరగతి పాఠాలు చెబుతున్నాం! ఇంతకంటే సిగ్గుచేటు ఉందా?"

లేదని అందరం తలలు వంచుకున్నాం.

"అందుచేత ఈ సంవత్సరం నుంచి మన పదో తరగతిలో డిగ్రీ కెమిస్ట్రీ ప్రవేశపెడుతున్నాం."

చప్పట్లు మోగాయి. రైసుమిల్లు సత్యంరాజు గారు లేచారు. "మరి రేపు డిగ్రీలో వీళ్లకి ఏం చెబుతారండీ?"

"మంచి ప్రశ్న. డిగ్రీ పాఠాలు ఇక్కడే అయిపోతాయి గనక అక్కడ ఖాళీ దొరుకుతుంది. ఇక్కడ వదిలేసిన పదో తరగతి పాఠాలు ఆ ఖాళీలో చదువుకుంటారు."

ఏ పాఠం ఎప్పుడు చదివినా మొత్తం ఒకటే కదా అని సత్యంరాజు గారు సంతృప్తిగా కూర్చున్నారు. అయితే ఒక షరతు ఉంది. ఈ కోర్సులో చేరినవాళ్ల ప్రాక్టికల్ రికార్డు మీద ఉన్నత రసాయన బోధనా పర్యవేక్షణ మండలి వారి సంతకం పడాలి. సంతకం లేకపోతే పదో తరగతి పరీక్షకు హాలు టికెట్ ఇవ్వరు. అంటే ఏడాది పోయినట్టే.

నేను వ్యాపారిని. "సరుకు నచ్చకపోతే వాపసు ఉందాండీ?" అని అడిగాను.

"విద్యలో వాపసు ఉండదు షావుకారు గారూ."

వాపసు లేని సరుకు నేను ముట్టుకోను. లేచి వచ్చేద్దామనుకునే లోపు తన్మయి నా చొక్కా పట్టుకుని లాగింది.

"నాన్నా, టైట్రేషన్ కూడా ఉంటుందంట!"

"అదేంటమ్మా?"

"కింద సీసాలో ఆమ్లం, రంగు తెలిపే సూచిక రెండు చుక్కలు ఉంటాయి. పైన బ్యూరెట్ అని గాజు గొట్టం ఉంటుంది. అందులోంచి క్షారం చుక్క చుక్కా వదులుతారు. ఒక్కసారిగా సీసా అంతా గులాబీ రంగు వచ్చేస్తుందంట. ఒకే ఒక్క చుక్కకి! దాని ముందు చుక్కకి రాదంట నాన్నా."

కొట్టుకు వచ్చినవాళ్లు గిన్నెను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నప్పుడు ముఖం ఒకలా వెలుగుతుంది. అలా వెలిగాక ఇక వాళ్లు ఆ గిన్నె లేకుండా వెళ్లరు. అదే వెలుగు దాని ముఖంలో చూశాను. సంతకం పెట్టేశాను.

కెమిస్ట్రీ చెప్పే రోజ్లిన్ టీచరు ఎమ్మెస్సీ. ఆవిడకు ఒక బలహీనత ఉంది. ప్రయోగం అంటే నిజంగా చేయిస్తుంది. దసరా సెలవులకు ముందు తన్మయి టైట్రేషన్ చేసి, సైకిలు కూడా స్టాండ్ వేయకుండా ఇంట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా! పది పాయింటు మూడు! మళ్లీ చేశాను, మళ్లీ పది పాయింటు మూడే!"

"ఎక్కువా తక్కువా?"

"ఎక్కువా కాదు, తక్కువా కాదు. అంతే ఉంది."

నా వ్యాపార జీవితంలో ఎక్కువా తక్కువా కాని అంకె నాకు తగల్లేదు. పిల్ల సంతోషంగా ఉంది కదా అని ఊరుకున్నాను.

చలికాలంలో మండలి నుంచి పరిశీలనాధికారి ప్రద్యుమ్నరావు గారు వేంచేశారు. ఆ సమయానికి నేను ల్యాబులోనే ఉన్నాను. స్టీలు ట్రేలు ఇవ్వడానికి వెళ్లాను. ఆయన తన్మయి రికార్డు తెరిచి ఒకచోట వేలు పెట్టి ఆగిపోయారు.

"పది పాయింటు మూడు. సదరు విలువ ఎక్కడిది?"

"వచ్చిందండి సార్."

"ఎక్కడ నుంచి వచ్చినది?"

"బ్యూరెట్లోంచి సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మాయీ, నా సర్వీసంతా రికార్డులు చూశాను. బ్యూరెట్లోంచి విలువ తెచ్చిన రికార్డు ఇదే మొదటిది. విలువ సీనియర్ రికార్డు నుంచి వస్తుంది. ఆ సీనియర్‌కు వారి సీనియర్ నుంచి వస్తుంది. దీనినే విద్యా సంప్రదాయం అంటారు."

"సార్, పిల్లలు నిజంగానే చేశారండీ. నేను పక్కనే ఉన్నాను" అంది రోజ్లిన్ టీచరు.

"అదే జరిగిన పొరపాటమ్మా. నిజంగా చేసినచో ఒక్కొక్కరికి ఒక్కొక్క విలువ వస్తుంది. ఏది సరైనదో మండలి ఎట్లు నిర్ణయించవలెను?" ఆయన సంచిలోంచి నిబంధనావళి తీసి చదివారు. "అభ్యర్థి తన రికార్డును పూర్వ బ్యాచి వారి ఆమోదిత రికార్డును అనుసరించి యథాతథముగా వ్రాయవలెను."

హెడ్మాస్టరు గారు చేతులు నలుపుకున్నారు. "అయ్యా, ఇదే మొదటి బ్యాచండీ. పూర్వ బ్యాచి లేదండీ."

"లేకపోవుట అనునది పాఠశాల వైఫల్యం. అట్లు లేదని నేను వ్రాసినచో కోర్సు రద్దు. కోర్సు రద్దయినచో రికార్డులు రద్దు. రికార్డులు రద్దయినచో హాలు టికెట్లు ఏమగునో తాము ఊహించుకోవచ్చు."

తన్మయి చెయ్యెత్తింది. "సార్, మళ్లీ చేసి చూపించనాండీ?"

"వద్దమ్మా, వద్దు! మళ్లీ అదే వచ్చినచో ఇంకా ఇబ్బంది."

మర్నాడు తల్లిదండ్రులందరికీ కబురొచ్చింది. ఛాయాపతి గారి ముఖం కొత్త పళ్లెంలా మెరుస్తోంది.

"పరిష్కారం దొరికింది! సీనియర్లంటే ఎవరు? మన స్కూల్లో ముందు చదివినవాళ్లు. మీరంతా ఇక్కడ చదివినవాళ్లే. అంటే మీ పిల్లలకు మీరే సీనియర్లు. మీరు ఈ కోర్సులో చేరండి. రికార్డు రాయండి. మీ రికార్డు చూసి పిల్లలు రాస్తారు."

"మేం చదివినప్పుడు ఈ కోర్సు లేదు కదండీ" అన్నారు సత్యంరాజు గారు.

"ఇప్పుడు ఉంది కదా! ఇప్పుడు చేరితే అప్పుడు చదివినట్టు. మండలి వారు పూర్వకాలానువర్తి పూర్వ బ్యాచిగా గుర్తించడానికి ఒప్పుకున్నారు."

నేను మనసులో తూకం వేసుకున్నాను. ఒక పళ్లెంలో కూతురి చదువు. రెండో పళ్లెంలో నా పరువు. నా పరువును ఊళ్లో ఎవరూ ఇంతవరకు బేరమాడి కూడా చూడలేదు. అలాంటి సరుకు దాచుకుని ప్రయోజనం ఏమిటి? చేరిపోయాను.

డిగ్రీ స్థాయి కోర్సు గనక డిగ్రీ కాలేజీలో ఉండేవన్నీ ఉండాలన్నారు. మొదట ర్యాగింగ్ నిరోధక పత్రం వచ్చింది. సీనియర్లు జూనియర్లను ప్రశ్నించరాదు, పనులు చెప్పరాదు, రాకపోకలను అడ్డగించరాదు. తండ్రులందరం సంతకాలు పెట్టాం.

ఆ సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాను. "తన్మయీ, కాసిని మంచినీళ్లు తేమ్మా."

వంటింట్లోంచి సుభాషిణి గొంతు వచ్చింది. "ఏవండోయ్, అది ర్యాగింగ్ కిందికి వస్తుంది."

"అయితే నువ్వు తే."

"నేను ఈ స్కూల్లో చదవలేదు. మాది అత్తిలి. నేను ఏ బ్యాచీ కాదు. నాకు పని చెప్పమని మీ రూల్సులో ఎక్కడుందో చూపించండి."

లేచి నేనే తెచ్చుకున్నాను. ఆ నాటి నుంచి మా ఇంట్లో నోరెత్తే స్వేచ్ఛ ఆవిడ ఒక్కదానికే మిగిలింది. సత్యంరాజు గారింట్లో పరిస్థితి ఇంకా విషమించింది. లెక్కల్లో మార్కులు ఎందుకు తగ్గాయని కొడుకును అడిగారట. ఆ కుర్రాడు నిరోధక కమిటీకి ఫిర్యాదు చేశాడు. కమిటీ విచారణ జరిపి, సీనియర్ చేత జూనియర్‌కు క్షమాపణ చెప్పించింది. "మా నాన్న మంచివాడేనండీ, సావాసాలు చెడగొట్టాయి" అని కుర్రాడు పెద్దమనసుతో కేసు వదిలేశాడు.

పూర్వ బ్యాచి తరగతులు మొదలయ్యాయి. మేమంతా పిల్లల బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నాం. తెల్ల రికార్డు పుస్తకాలు పంచారు. పెన్నులు తీశాం. ఏం రాయాలో తెలియక పక్కవాడి పుస్తకంలోకి చూశాం. పక్కవాడు మా పుస్తకంలోకి చూస్తున్నాడు.

ప్రద్యుమ్నరావు గారు మళ్లీ వచ్చి మమ్మల్ని చూసి నొసలు చిట్లించారు. "బాగున్నది. కానీ వీరు ఎవరి రికార్డును అనుసరించి వ్రాయుదురు? వీరి పూర్వ బ్యాచి ఎక్కడ?"

ఆ వారంలోనే మా నాన్నగారిని, ఊళ్లో ఆయన ఈడు వాళ్లను చేర్చుకున్నారు. వాళ్లను సూపర్ సీనియర్లన్నారు. మా నాన్న ఉత్తరీయం ఇస్త్రీ చేయించుకుని, కర్ర తాటించుకుంటూ వెళ్లి ముందు బెంచీలో కూర్చున్నారు. హెడ్మాస్టరు గారిని "ఏవయ్యా" అని పిలిచారు. నన్ను చూసి, "ఒరే, బెంచీ మీద సరిగా కూర్చో. నేను నీ సీనియర్ని" అన్నారు.

"అది ర్యాగింగ్ నాన్నా."

"పోరా. పుట్టినప్పటినుంచీ చేస్తున్నాను. ఇప్పుడు ఆపమంటే ఎలా ఆపుతాను?"

సూపర్ సీనియర్లకూ పూర్వ బ్యాచి కావాలి కదా. వాళ్ల పూర్వ బ్యాచి కాలం చేసి చాలా ఏళ్లయింది. మండలి దానికీ ఒక దారి చూపించింది. ఆ పెద్దల ఫోటోలు తెచ్చి ల్యాబు గోడకు వరసగా తగిలించారు. దివంగత బ్యాచి అని పైన బోర్డు కట్టారు. హెడ్మాస్టరు గారు హాజరు వేస్తూ మా తాతగారి పేరు చదివితే, మా నాన్న లేచి వినయంగా "వచ్చారండీ" అన్నారు. దండలు వేశారు. అగరొత్తులు వెలిగించారు.

"సార్! ల్యాబులో స్పిరిట్ ఉందండీ! అగరొత్తులు వద్దండీ!" అని రోజ్లిన్ టీచరు పరిగెత్తుకొచ్చింది.

"సీనియర్లమ్మా, మర్యాద పాటించాలి" అన్నారు ఛాయాపతి గారు. రోజ్లిన్ టీచరు స్పిరిట్ సీసాను చంకన పెట్టుకుని ఆ పూటంతా వరండాలో నిలబడింది.

దివంగత బ్యాచి రికార్డులు ఎక్కడ అని మండలి అడిగింది. చెదలు తినేశాయని హెడ్మాస్టరు గారు ధ్రువపత్రం రాసిచ్చారు. నిబంధనావళిలో చెదలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉందట. పూర్వ రికార్డు చెదలపాలైతే, తరువాతి బ్యాచి సొంత వివేచనతో రాసుకోవచ్చు. అంటే ఆ నాలుగు తరాల్లో సొంతంగా రాసే అధికారం మా నాన్న బ్యాచికే దక్కింది. ఆ బ్యాచిలో పెద్దవారు మా నాన్న. ఆయన ఏం రాస్తే మిగతావాళ్లు అది రాస్తారు. వాళ్లు రాసింది మేం రాస్తాం. మేం రాసింది పిల్లలు పరీక్షలో చేసి చూపించాలి.

రోజ్లిన్ టీచరుకు ప్రాణం లేచివచ్చింది. తన్మయి కూడా తాతగారి పక్కన చేరింది. టీచరు ఎంతో ఓర్పుగా చెప్పింది. "తాతగారూ, మీరు ఒక్క అంకె వేస్తే చాలు. పది పాయింటు మూడు. పిల్లలు చేస్తే అదే వస్తుంది."

మా నాన్న కలం ఎత్తి ఆగిపోయారు. "పదేంటమ్మా, చదువుకున్నదానివి! ఆడపిల్ల చదువు తాలూకు శుభకార్యం. పక్కన సున్నా ఉన్న అంకె వేస్తామా? పెళ్లికెళ్లి పది చదివిస్తే నలుగురిలో తలెత్తుకోగలమా?"

"ఇది చదివింపు కాదండీ, కొలత."

"ఏదైతేనేం, ఇచ్చేది మనం కదా?" అని మా నాన్న నిండుగా రాశారు. నూట పదహారు.

"శుభం" అన్నారు వెనక బెంచీల పెద్దలు.

"తాతయ్యా, బ్యూరెట్లో యాభైయే పడుతుంది" అంది తన్మయి.

"పెద్దది తెప్పించండి. మీ నాన్నది సామాన్ల కొట్టే కదా."

"కింద ఆమ్లం ఎంత తీసుకున్నారని రాయమంటారు?" టీచరు గొంతులో ఆశ ఇంకా మిగిలే ఉంది.

"తగినంత."

"ఇది పచ్చడి కాదండీ!"

"ఏ వస్తువైనా తగినంతే వెయ్యాలమ్మా. ఎక్కువ వేస్తే పాడవుతుంది."

తగినంత అనే రాశారు. మండలి ఆమోదముద్ర వేసింది. కింది బ్యాచివాళ్లం యథాతథంగా నూట పదహారు రాసుకున్నాం. పిల్లలూ రాశారు. తన్మయి మాత్రం ఆ అంకె రాసేటప్పుడు కలాన్ని, ఎవరో చెయ్యి పట్టుకుని రాయిస్తున్నట్టు కదిపింది. ఇక పరీక్ష మిగిలింది. బయటి పరీక్షకుడిగా ప్రద్యుమ్నరావు గారే వస్తారు. ఆయన కళ్ల ముందు పిల్లలు నూట పదహారు తెప్పించాలి. రాకపోతే సంతకం లేదు, సంతకం లేకపోతే హాలు టికెట్ లేదు.

"సార్, యాభై పట్టే గొట్టాన్ని మధ్యలో మళ్లీ నింపుకోవచ్చాండీ?" అని హెడ్మాస్టరు గారు అడిగారట.

"ఒక పరీక్షకు ఒక నింపుడు. మధ్యలో నింపుట కాపీ కొట్టుటతో సమానం. పరికరం విలువకు లోబడవలెను గానీ విలువ పరికరమునకు లోబడదు."

ఛాయాపతి గారు తిన్నగా మా కొట్టుకు వచ్చారు. "షావుకారు గారూ, నిలువెత్తు బ్యూరెట్ కావాలి. స్టీల్లో చేయించండి."

బేరం వచ్చింది కదా అని ఊరుకోలేకపోయాను. "స్టీలు అయితే లోపల ఎంత ఉందో కనపడదండీ."

"కనపడాల్సిన అవసరం ఏముంది? ఎంత ఉందో రికార్డులో ఉంది కదా?"

చేయించాను. గొట్టం కింద కుళాయి, పైన గరాటు. నింపడానికి నిచ్చెన వేయాలి. దాన్ని రిక్షా మీద స్కూలుకు తీసుకెళ్తుంటే మునిసిపాలిటీ వాళ్లు కొత్త కుళాయి వేస్తున్నారనుకుని వీధి ఆడవాళ్లు బిందెలతో వెంటపడ్డారు. ల్యాబులో నిలబెట్టి కొబ్బరికాయ కొట్టారు. అందరూ దూరంగా నిలబడి చూసి, విద్యా ప్రమాణాలు పెరిగాయని ఒప్పుకున్నారు.

పరీక్షకు ఇంక వారం కూడా లేదనగా మండలి నుంచి ఉత్తరం వచ్చింది. "గాజు కాని పరికరమును గాజు పరికరముగా పరిగణించుటకు నిబంధనలు అంగీకరించవు. కావున సదరు స్టీలు బ్యూరెట్‌ను తక్షణమే తొలగించవలసినది."

ఆ సాయంత్రం తన్మయి పెరట్లో చిన్న స్టూలు మీద బ్యూరెట్ పెట్టుకుని కూర్చుంది. రోజ్లిన్ టీచరు దగ్గర అడిగి తెచ్చుకుందట. అందులో మంచినీళ్లు పోసి, చుక్కలు వదులుతూ ఏదో లెక్క పెట్టుకుంటోంది. ఏం చేస్తున్నావని అడగడానికి నాకు హక్కు లేదు. ప్రశ్నించరాదని సంతకం పెట్టినవాణ్ని.

సుభాషిణి నన్ను మోచేత్తో పొడిచింది. "వెళ్లి అడగండి."

"నువ్వు అడుగు. నీకే రూల్సు లేవు."

"ఏంటే చేస్తున్నావు? అన్నం తినవా?" అని ఆవిడ అరిచింది.

తన్మయి బ్యూరెట్ కుళాయి కట్టేసి లేచింది. అరుగు మీద ఉన్న తాతగారి దగ్గరికి వచ్చింది. "తాతయ్యా, నువ్వు రాసిన నూట పదహారు... నూట పదహారు ఏంటి?"

"ఏంటంటే?"

"మిల్లీలీటర్లా? లీటర్లా? రూపాయలా?"

"నూట పదహారంటే నూట పదహారేనే. దాని తర్వాత ఇంకేం ఉంటుంది?"

"ఏమీ రాయలేదు కదా? ఒట్టు?"

"ఒట్టు. మన ఇంట్లో అంకె పక్కన ఎవరు ఏం రాశారు గనక?"

అది తాతగారి బుగ్గలు రెండూ పట్టుకుని లాగి, నా వైపు తిరిగింది. "నాన్నా, తగినంత అంటే ఎంత?"

ఇది నా వృత్తికి సంబంధించిన ప్రశ్న గనక ధైర్యంగా చెప్పాను. "తీసుకునేవాడికి ఎంత కావాలో అంత."

అది పకపకా నవ్వి పెరట్లోకి పరిగెత్తింది. అన్నం పళ్లెం అక్కడికే పంపాల్సి వచ్చింది.

పరీక్ష రోజు ల్యాబు పెళ్లి పందిరిలా ఉంది. గోడ మీద దివంగత బ్యాచి. కుర్చీల్లో సూపర్ సీనియర్లు. వెనక స్టూళ్ల మీద మేము. ప్రద్యుమ్నరావు గారు మధ్యలో ఎత్తు బల్ల దగ్గర కూర్చున్నారు. మొదటి పేరు తన్మయిదే. మిగతా పిల్లలంతా దాని వైపే చూస్తున్నారు. అది ఏం చేస్తే వాళ్లూ అదే చేయాలి.

తన్మయి సీసాలో ఆమ్లం పోసింది. కొంచెం ఆగి, వంగి కళ్లు చికిలించి, ఇంకొంచెం పోసింది.

"ఎంత తీసుకొంటివి?"

"తగినంత సార్."

ఆయన రికార్డు తెరిచి చూశారు. "సరియే. కానీ అమ్మాయీ, నీ బ్యూరెట్ యాభైది. నూట పదహారు ఎట్లు వచ్చును?"

"రికార్డులో నూట పదహారు అని మాత్రమే ఉంది సార్. మిల్లీలీటర్లని లేదు. నేను చుక్కలు వేస్తున్నాను."

ప్రద్యుమ్నరావు గారు తన్మయి రికార్డు చూశారు. నా రికార్డు అడిగి తీసుకుని చూశారు. మా నాన్న రికార్డు తెప్పించి, వెలుతురుకు ఎత్తి చూశారు.

"రికార్డులో లేనిదానిని అడుగుటకు నాకు అధికారం లేదు" అన్నారు చివరికి. "కానిమ్ము."

మొదటి చుక్క పడింది.

"లాభం!" అన్నారు మా నాన్న. ధాన్యం కొలిచేటప్పుడు మావాళ్లు ఒకటి అనరు, లాభం అంటారు. ఆయనకు ఆ అలవాటు పోలేదు. "రెండు! మూడు! నాలుగు!"

సూపర్ సీనియర్లు గొంతు కలిపారు. ఇరవై దాటేసరికి మేమూ కలిశాం. యాభై దగ్గర వరండాలో నిలబడ్డ పిల్లలు కలిశారు. డెబ్బై దగ్గర ఎవరివో పెదవులు కదులుతున్నాయనిపించి చూస్తే, ప్రద్యుమ్నరావు గారు కూడా లెక్కపెడుతున్నారు. ఆయన వేలు బల్ల మీద తాళం వేస్తోంది.

వందో చుక్కకు సీసాలో గులాబీ రంగు పొగలా లేచింది. "వచ్చేసింది!" అని సత్యంరాజు గారు కేక పెట్టారు. తన్మయి సీసాను గుండ్రంగా తిప్పింది. రంగు మాయమైంది.

"తొందరపడకండి మావయ్య గారూ" అంది అది కళ్లు ఎత్తకుండానే. "ఇంకా టైముంది."

"నూట పది! నూట పదకొండు!" ఇప్పుడు ఎవరూ అరవడం లేదు. గుసగుసగా లెక్కపెడుతున్నారు. ప్రతి చుక్కకూ రంగు లేస్తోంది, కాసేపు నిలుస్తోంది, పోతోంది. రోజ్లిన్ టీచరు రెండు చేతులా నోరు మూసుకుంది. నూట పద్నాలుగు. నూట పదిహేను. గులాబీ రంగు లేచి, పోవాలా వద్దా అని తటపటాయించింది. ఆఖరికి పోయింది. సీసాలో నీళ్లు తేటగా ఉన్నాయి.

బ్యూరెట్ కొసన ఒక చుక్క మెల్లగా లావెక్కింది. తెగి పడింది.

సీసా అంతా లేత గులాబీ రంగు. తన్మయి తిప్పింది. పోలేదు. ఇంకోసారి తిప్పింది. పోలేదు.

"నూట పదహారు!" ల్యాబు పైకప్పు లేచిపోయింది. మా నాన్న కర్ర పైకెత్తి "శుభం!" అన్నారు. ఛాయాపతి గారు రోజ్లిన్ టీచరుకు నమస్కారం పెట్టి, అది తప్పనిపించి, గోడ మీది ఫోటోలకు పెట్టారు. ప్రద్యుమ్నరావు గారు కుర్చీ మీదెక్కి చప్పట్లు కొడుతున్నారు. తానెక్కడ నిలబడ్డారో కాసేపటికి తెలిసి, కిందికి దిగి, కోటు సర్దుకుని, గంభీరంగా సంతకం చేశారు.

"విలువ పూర్వ బ్యాచితో సరిపోయినది" అన్నారు. కలానికి మూత పెట్టకుండానే ముందుకు వంగారు. "అమ్మాయీ, ఇది... నిజంగానే వచ్చినదా?"

"నిజంగానే సార్. పది తీసుకుంటే పది పాయింటు మూడు వస్తుంది కదండీ. నా బ్యూరెట్లో ఒక మిల్లీలీటరుకి ఇరవై చుక్కలు. నూట పదహారు చుక్కలకి ఎంత ఆమ్లం కావాలో వెనక్కి లెక్కేశాను. అయిదు పాయింటు ఆరు. అదే తగినంత."

"ఈ మాట నేను వినలేదు" అన్నారు ప్రద్యుమ్నరావు గారు. ఇంకో నిమిషం ఆ సీసాలోకే చూస్తూ కూర్చున్నారు.

మిగతా పిల్లలకు తన్మయి చెవిలో చెప్పింది. ఆ పూటంతా ఊరు ఊరంతా చుక్కలు లెక్కపెట్టింది. అందరికీ హాలు టికెట్లు వచ్చాయి.

ఇక ఆఖరి లెక్క.

రాష్ట్రంలో ఆమ్లాలూ క్షారాలూ ఇకపై నూట పదహారు దగ్గరే సరిపోవాలని మండలి ఉత్తర్వు వేసింది. బతికున్నవాళ్లలో మా నాన్నే అందరికంటే పూర్వ బ్యాచి గనక ఆయన్ను ప్రధాన పరీక్షకుడిగా వేశారు. కారు వచ్చి తీసుకెళ్తోంది. వెళ్లిన ప్రతి స్కూల్లోనూ "తగినంత వేశారా?" అని అడిగి, టిఫిను తిని వస్తున్నారు. గల్లా పెట్టె దగ్గర ఆయన లేరు గనక నా బేరాలు తప్పు లేకుండా సాగుతున్నాయి. ఇది లాభం. స్టీలు బ్యూరెట్ కొట్టు ముందు నిలబడి ఉంది, ఎవరూ కొనలేదు. ఇది నష్టం. నాకు డిగ్రీ కెమిస్ట్రీ పాసైనట్టు సర్టిఫికెట్ వచ్చింది. అది ఏ ఖాతాలో వేయాలో ఇంకా తేలలేదు. ర్యాగింగ్ పత్రం గడువు తీరింది గనక మంచినీళ్లు మళ్లీ అడగవచ్చు. అడిగితే, "లేచి తెచ్చుకోండి, అలవాటైంది కదా" అంటోంది సుభాషిణి. తన్మయి ఇంటర్లో కెమిస్ట్రీ తీసుకుంది.

అన్నీ కూడి, అన్నీ తీసేస్తే నాకు మిగిలింది ఒక్కటే. నూట పదిహేనో చుక్కకు రానిది నూట పదహారో చుక్కకు రావడం నా కళ్లతో చూశాను. ఎందుకు వచ్చిందని మా అమ్మాయిని అడిగాను. ఇప్పుడు అడగవచ్చు కదా. అది ప్రతి సాయంత్రం చెబుతోంది, నాకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. కొట్టు మాత్రం పెందలాడే కట్టేస్తున్నాను.